ఎడమవైపు వదులు

ఫిబ్రవరి 3, సోమవారం

పాత ఆర్డర్ల పుస్తకంలో వెనక ముప్పై పేజీలు ఖాళీగా ఉన్నాయి. వృథా చేయడమెందుకని రాస్తున్నాను. మరే కారణమూ లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడ ఒక సంగతి చెప్పింది. వచ్చే నెల పదహారో తారీఖున నదిలో పడవ నడపబోతోందట. మామూలు పడవ కాదు, ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి పడవ. కయాక్ అంటారట. నీళ్ళు కూడా మామూలువి కావు. రాళ్ళ మధ్య నుంచి తెల్లగా నురగలు కక్కుతూ దూకే నీళ్ళు.

"నీకు ఈతే రాదు కదా," అన్నాను.

"సెప్టెంబరు నుంచి నేర్చుకుంటున్నానుగా."

"సాయంత్రాలు వాకింగ్‌కి వెళ్తున్నావనుకున్నాను."

"వెళ్తున్నాను. స్విమ్మింగ్ పూల్ దాకా నడిచే వెళ్తాను."

ఐదు నెలలు. వారానికి మూడు రోజులు తడి జుట్టుతో ఇంటికొచ్చిన మనిషిని చూసి నేనేమనుకున్నానా అని గుర్తు చేసుకున్నాను. చెమట అనుకున్నాను.

"లైఫ్ జాకెట్ ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలట. ఆదివారం మీరూ రండి. బట్టల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

వస్తానన్నాను. నాకు అభ్యంతరమేమీ లేదు. యాభై రెండేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో జనానికి చూపు పరీక్ష చేస్తున్న మనిషి. తన ఇష్టం తనది.

ఫిబ్రవరి 4, మంగళవారం

పొద్దున లేచాక మళ్ళీ ఆలోచించి చూశాను. అభ్యంతరం లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

ఈరోజు కాజాలక్కకి చెప్పాను. పదిహేడేళ్ళుగా నా కటింగ్ టేబుల్‌కి ఎదురుగా కూర్చుని కాజాలూ గుండీలూ కుడుతోంది కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి.

"మంచిదే కదా మాస్టారూ," అంది, సూది మీంచి కళ్ళు తీయకుండా.

"నదక్కా."

"నదే. నదంటే నీళ్ళే కదా."

"రాళ్ళు కూడా ఉంటాయి."

"ఆవిడ అంతకన్నా పెద్ద రాళ్ళే దాటొచ్చింది లెండి."

ఇది నా పుస్తకం. ఇందులో కూడా చాటుమాటుగా రాసుకోవడమేమిటి? మా ఆవిడకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆపరేషనై పద్నాలుగు నెలలైంది. మందులు ఆపేసి ఏడు నెలలు. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం ఉంగరాలు తిరిగి వచ్చింది.

నా వంతు నేను చేశాను. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో వారంలోనే తన చొక్కాలన్నీ షాపుకి పట్టుకొచ్చి, ఎడమవైపు లోపల తలా ఒక మెత్త కుట్టాను. దూది, దాని మీద పాలిస్టర్ పొర, పైన లైనింగ్ గుడ్డ. ఎదురుగా నిలబడి చూసినా పక్క నుంచి చూసినా తేడా తెలియదు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత శుభ్రమైన పని ఇంకోటి చేయలేదు. కుడివైపు చూసి కొలత అంచనా కట్టాను. ఎడమవైపు నేను చూడలేదు. తను చూపించలేదు, నేను అడగలేదు. బట్టలు మార్చుకునేటప్పుడు తను తలుపు గడియ పెట్టుకుంటుంది. నేను హాల్లో పేపరు చదువుకుంటాను. ఇద్దరికీ బాగానే కుదిరింది.

మెత్తల గురించి తనేమీ అనలేదు. చొక్కాలు వేసుకుంది. అంటే నచ్చాయనే కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం

బస్ డిపో వెనక, కొండలెక్కేవాళ్ళ సామాన్లు అమ్మే షాపుకి వెళ్ళాం. అమ్మే ఆయనకి ఛాతీ దాకా గడ్డం. చొక్కా కాలరు ఆ గడ్డం వెనక ఎలా ఉందో చివరిదాకా తెలియలేదు.

"ఎలాంటి నీళ్ళు మేడం?" అన్నాడు.

"తెల్లవి."

ఆయన తలూపి సగం జాకెట్లు పక్కకి నెట్టేశాడు. గాలి ఊదితే ఉబ్బేవి పనికిరావు, రాయి గుచ్చుకుంటే అంతే సంగతులు. పొడుగువి పనికిరావు, పడవలో కూర్చుంటే కింద నుంచి తన్నుకుని గడ్డం దాకా వస్తాయి. లోపల నురగ రేకులున్నవే కావాలి, నడుం పైకే ఆగిపోవాలి. ఆయన చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి. పెళ్ళికొడుకుల కోట్లు కుట్టించడానికి వచ్చేవాళ్ళకి ఇందులో సగం శ్రద్ధ ఉన్నా నా జీవితం ఇంకోలా ఉండేది.

వేసుకునే పద్ధతి కూడా చెప్పాడు. ముందు పట్టీలన్నీ వదులు చేయాలి. వేసుకున్నాక నడుం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి బిగించుకుంటూ రావాలి. చివరికి ఇంకో మనిషి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది మనది కాదు.

మా ఆవిడ అద్దం ముందు నిలబడి, "ఇదా, ముందుదా?" అని అడిగింది. షాపులో అద్దాలు మార్చి మార్చి పెట్టి, రోజూ వందసార్లు జనాన్ని అడిగే ప్రశ్న. నన్నడగడం మటుకు మొదటిసారి.

పసుపుది తల మీంచి తొడుక్కునే రకం. ఆపరేషన్ తర్వాత తన ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. తల లోపల, ఒక చెయ్యి బయట, అలా సగంలో ఇరుక్కుంది. గడ్డమాయనా నేనూ కలిసి ఊడదీశాం. నీలందానికి జిప్పుంది గానీ చంకలో కోస్తుంది. మూడోది నారింజ రంగు. ముందు జిప్పు, పొట్టిగా ఉంది, చంక దగ్గర చక్కగా తిప్పారు. ఆడవాళ్ళ కోసమే కుట్టింది. ముందు భాగం రెండువైపులా లోపలికి గుల్లగా మలిచారు.

"లాగండి సార్," అన్నాడు గడ్డమాయన నాతో.

"మీరే లాగండి. మీకలవాటు," అన్నాను.

లాగాడు. కదల్లేదు. కానీ కుడివైపు నిండుగా కూర్చున్న జాకెట్ ఎడమవైపు బోర్లించిన గిన్నెలా ఖాళీగా నిలబడింది. జిప్పు గీత ఒరిగిపోయింది. అద్దంలో నా కళ్ళు అక్కడే ఆగాయి.

"పట్టీ ఇంకో రెండు వేళ్ళు బిగిస్తే సరిపోతుంది," అంది తను.

"నీళ్ళలో ఎవరు చూడొచ్చారు మేడం," అన్నాడు గడ్డమాయన.

నేను చూస్తాను. అయినా తీసుకున్నాం.

ఫిబ్రవరి 10, సోమవారం

అలవాటు కావాలని ఇంట్లో కూడా జాకెట్ వేసుకునే తిరుగుతోంది. జాకెట్‌తోనే గిన్నెలు కడిగింది. జిప్పు గీత అంగుళమున్నర ఎడమకి ఒరిగింది. తను గిన్నెలు కడిగినంతసేపూ ఆ గీతే చూశాను.

ఫిబ్రవరి 13, గురువారం

మా ఆవిడకి చెకప్. అంతా బాగుందన్నారట. ఒక్కతే వెళ్ళొచ్చింది. నేనూ వెళ్ళేవాణ్ణే గానీ షాపులో ఆరు సూట్లు అర్జెంటుగా ఇవ్వాల్సి ఉన్నాయి.

రెండు. అవి కూడా వచ్చే వారానికి.

ఫిబ్రవరి 18, మంగళవారం

తను డ్యూటీకి వెళ్ళగానే జాకెట్ సంచీలో పెట్టుకుని షాపుకి తెచ్చాను. ఆదివారం పూల్‌లో పరీక్ష ఉందట. తనతో పడవ నేర్చుకుంటున్న క్లబ్బువాళ్ళందరూ ఉంటారు.

లోపలి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దీన్ని కోయరాదు, విప్పరాదు, కుట్టరాదు. మామూలు జనం కోసం రాసి ఉంటారు.

ఎడమవైపు లైనింగ్ నాలుగంగుళాలు విప్పాను. తన చొక్కాలకి పెట్టే మెత్తే, కొంచెం మందంగా చేసి లోపల కూర్చోబెట్టాను. ఎడమ పట్టీని కంపెనీవాళ్ళు మోటుగా, అడ్డదిడ్డంగా అరవై కుట్లు వేసి బిగించారు. చూస్తేనే తలనొప్పి వచ్చేలా ఉంది. దాన్ని విప్పి, పట్టీని రెండంగుళాలు లోపలికి జరిపి, చేత్తో కుట్టాను. కోట్లకి వాడే నా సొంత దారమే వాడాను. కుట్టు పైకి కనిపించకుండా దాచాను.

కాజాలక్క వచ్చి చూసింది.

"ఆవిడ చెయ్యమందా?"

"తనకి చెప్పలేదు."

"అయితే నేను చూడలేదు," అని వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆవిడకి పొద్దుటి నుంచి పన్ను నొప్పి అనుకుంటాను.

సాయంత్రం షాపులో కోట్లు తొడిగే బొమ్మకి తొడిగి చూశాను. జిప్పు గీత తాపీమేస్త్రి గుండు తాడు వదిలినట్టు నిటారుగా దిగింది. రెండువైపులా ఒక్కలాగే ఉంది. ఏమీ జరగనట్టే ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పూల్ దగ్గర పద్నాలుగు మంది. కోచ్ ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. తెడ్డు తిప్పీ తిప్పీ కాబోలు, ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం దిగి ఉంది. ఒక్కొక్కళ్ళ జాకెట్టూ పట్టుకుని, జిప్పు చూసి, పట్టీలు చూసి పంపుతోంది. మా ఆవిడ దగ్గరికొచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"సూపర్ ఫిట్ ఆంటీ. మీ కోసమే కుట్టినట్టుంది."

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. సంతోషపడ్డాను. దాచడమెందుకు, పొంగిపోయాను.

లోతు వైపు దూకమన్నారు. తను దూకింది. తేలింది. చెయ్యి ఊపింది కూడా. ఒక నిమిషం దాటాక ఎడమవైపుకి ఒరగడం మొదలైంది. దూది నీళ్ళు తాగుతోందని నాకు అప్పుడు తట్టింది. ముప్పై ఏళ్ళుగా దూదితో పని చేస్తున్నాను. దూది నీళ్ళు తాగుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఎడమ పట్టీ బిగించుకోండి ఆంటీ!" అని కోచ్ అరిచింది.

తను పట్టీ పట్టుకుని గట్టిగా లాగింది. నా కుట్టు విడిపోయింది. పట్టీ తన చేతిలోకొచ్చేసింది. జాకెట్ ఎడమవైపంతా తెరుచుకుని, పైకి లేచి, తన మొహం మీద పడింది. చేతులు కనిపించాయి. తల కనిపించలేదు.

కోచ్ దూకి ఒడ్డుకి లాక్కొచ్చింది. నాలుగైదు సెకన్లకన్నా ఎక్కువ పట్టలేదని తర్వాత అందరూ అన్నారు. నేను గోడ దగ్గరే ఉన్నాను.

తను దగ్గుతూ కూర్చుంది. కోచ్ జాకెట్ తిరగేసి, ఎడమవైపు పిండింది. మెత్తలోంచి నీళ్ళు ధారగా కారాయి. తర్వాత పట్టీ ఊడిన చోట వేలితో తడిమి చాలాసేపు చూసింది.

"ఇది కంపెనీ కుట్టు కాదు," అంది. తర్వాత నా వైపు చూసింది. "చాలా బాగా కుట్టారంకుల్. అందుకే నాకు కనపడలేదు."

నేను కింద కారిన నీళ్ళ వైపు చూశాను.

"ఇదే నదిలో అయ్యుంటే..." అంది.

మా ఆవిడ నన్ను చూసింది. "మీరేనా?"

"ఎడమవైపు వదులుగా ఉందని..."

"వదులుగా ఉంటే నాకు. మీకేంటి?"

అందరూ పక్కకి తిరిగి తమ తమ పట్టీలు సరిచూసుకున్నారు. జాకెట్‌ని కోచ్ కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. పొరపాటున ఇంకెవరూ వేసుకోకూడదట.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇంట్లో మాటల్లేవు.

ఫిబ్రవరి 25, మంగళవారం

"మోటారు వేశారా?" అని అడిగింది. "వేశాను," అన్నాను. కొంచెం మెరుగు.

ఫిబ్రవరి 27, గురువారం

పొద్దున లేచేసరికి డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితం సంచీ. లోపల మెత్తలు. లెక్కపెట్టాను, పదకొండు. చొక్కాలన్నిటిలోంచీ విప్పేసింది. ఒక్క చొక్కా కూడా చిరగలేదు. కుట్టు అంత శుభ్రంగా విప్పడం పెళ్ళైన కొత్తలో నేనే నేర్పాను.

తను కాఫీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. తెల్ల చొక్కా. ఎడమవైపు చదునుగా ఉంది. నేను కప్పు వైపు చూశాను.

"వేసవంతా ఇవి చెమటకి తడిసి ఆపరేషన్ కుట్టు మీద ఎలా రాసుకునేవో తెలుసా మీకు?"

"చెప్పలేదు నువ్వు."

"అడగలేదు మీరు. ఇంత ముచ్చటగా కుట్టారు కదా, కాదంటే చిన్నబుచ్చుకుంటారని వేసుకున్నాను. కొన్నాళ్ళు నా మీద జాలి అనుకున్నాను. తర్వాత నన్ను నలుగురిలోకి తీసుకెళ్ళడానికి సిగ్గు అనుకున్నాను. రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

షాపు తెరవాలి, టైమైందన్నాను. వెళ్ళి ఎనిమిదింటికే తెరిచాను. రోజూ పదింటికి తెరుస్తాను. రెండు గంటలు షాపులో ఒక్కణ్ణే కూర్చున్నాను.

సాయంత్రం తను ఇంటికొచ్చాక, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను.

"ఒకాయన అన్నాడు."

"ఏమని?"

"కింద వరస అక్షరాలు కనపట్టం లేదని."

మార్చి 1, శనివారం

కాజాలక్కకి మొత్తం చెప్పాను. మెత్తల సంచీ షాపులోనే ఉంది కాబట్టి ఎలాగూ చెప్పక తప్పలేదు.

"జాలా?" అంది.

"కాదు."

"సిగ్గా?"

"ఛ, కాదు."

"మరేంటో అది చెప్పండి ఆవిడకి."

"ఏంటో తెలిస్తే కదా."

"అయితే తెలిసేదాకా ఆ కాజాలు మీరు కుట్టండి. నాకు పన్ను నొప్పి," అని ఇంటికెళ్ళిపోయింది. పన్ను నొప్పి నిజమే.

మార్చి 5, బుధవారం

నదికి వెళ్ళడం మానుకుంటుందేమోనని ఎదురుచూస్తున్నాను. ఆశపడటం లేదు, ఊరికే ఎదురుచూస్తున్నాను. ఈరోజు కూడా తడి జుట్టుతోనే వచ్చింది.

మార్చి 7, శుక్రవారం

"ఆదివారం కొత్త జాకెట్‌కి వెళ్తున్నాను. మీరూ రండి," అంది.

"నేనెందుకు?"

"లాగడానికి. కోచ్ చెప్పింది, ఇంట్లో మనిషే లాగి చూడటం నేర్చుకోవాలట. వేరే ఏమీ ముట్టుకోకండి."

మార్చి 9, ఆదివారం

మళ్ళీ గడ్డమాయన. పాతది ఏమైందని అడిగాడు. "కొలత తప్పింది," అంది మా ఆవిడ. నా వైపు చూడలేదు. ఆ మాత్రం మర్యాద ఇంకా నా మీద మిగిలి ఉంది.

ఈసారి తనే ఎంచుకుంది. ఆడవాళ్ళది కాదు, ఎవరైనా వేసుకునే రకం. ముందు భాగం చదునుగా, సన్నటి రేకులు విడివిడిగా, ఎలా వంగితే అలా వంగుతుంది. ఎరుపు రంగు. ఒక్కో పట్టీ కింద నుంచి బిగించుకుంటూ వచ్చింది. ఎడమ చేత్తో అందని పట్టీ దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, కుడి చేత్తో బిగించింది. నేను చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాను.

"లాగండి."

వెనక నిలబడి భుజాల దగ్గర పట్టుకున్నాను. పదిహేను నెలలుగా చేతిలో టేపు లేకుండా తన భుజాల మీద చేతులు వేయలేదు. ముందులా లేవు. ఈత వల్ల కాబోలు, గట్టిపడ్డాయి.

"అలా కాదు. పిల్లిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు. గట్టిగా."

గట్టిగా లాగాను. తను మునివేళ్ళ మీదకి లేచింది. జాకెట్ కదల్లేదు.

"ఇంకా."

ఇంకా లాగాను. కదల్లేదు. ఎడమవైపు రెండు వేళ్ళు పట్టేంత వదులు ఉంది. జిప్పు గీత కొంచెం ఒరిగే ఉంది. అద్దంలో ఇద్దరం కనిపించాం. తను తన జాకెట్ చూసుకుంటోంది. తన భుజాలు వదిలేయాలని నాకు గుర్తు రాలేదు.

"ఇక చాలు సార్," అన్నాడు గడ్డమాయన.

మార్చి 15, శనివారం

రేపే నది. తను సంచీ సర్దుకుంది. ఈల జాకెట్ జేబుకి కట్టి, రెండుసార్లు ఊది చూసింది. పక్కింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చారు.

నాకు అభ్యంతరం ఉంది. ఫిబ్రవరి మూడో తారీఖు నుంచీ ఉంది. ఈ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం అదే. రెండోది సూట్లు.

ఆపరేషన్ జరిగిన రోజు ఆ గది బయట బెంచీ మీద ఐదు గంటలు కూర్చున్నాను. ఎదురుగా వాచ్‌మన్. ఆయన యూనిఫాంకి మూడో గుండీ లేదు. ఐదు గంటలూ ఆ గుండీ గురించే ఆలోచించాను. ఎంత సైజుది, ఏ రంగుది, నాలుగు కన్నాలదా రెండు కన్నాలదా. దాని గురించి ఆలోచించకపోతే ఇంకోదాని గురించి ఆలోచించాల్సి వచ్చేది. ఇంటికొచ్చాక మెత్తలు కుట్టాను. అదీ అంతే.

జాలి కాదు. సిగ్గు అసలే కాదు. ఆ ఎడమవైపు చూస్తే తను చచ్చిపోయి ఉండేదన్న సంగతి కనిపిస్తుంది. మెత్త పెడితే కనిపించదు. నాకు భయం. చెకప్‌కి తనతో వెళ్ళాలన్నా భయమే. తను లేని ఇంట్లో మోటారు వేయాలంటే, ఒక్క కప్పు కాఫీ కలుపుకోవాలంటే భయం. ఆ భయాన్ని తన ఒంటి మీద కుట్టి, తనచేత మోయించాను. చివరికి దానితోనే తనని దాదాపు ముంచేశాను.

ఇది తనకి చెప్పాలి. రేపు పొద్దున్నే చెబుతాను.

మార్చి 17, సోమవారం

నిన్న పొద్దున చెప్పలేదు. క్లబ్బు బస్సు ఆరింటికే వచ్చేసింది. బస్సులో చెబుదామనుకున్నాను. తను కిటికీకి ఆనుకుని నిద్రపోయింది.

నది నేననుకున్న దానికన్నా ఎక్కువ చప్పుడు. పక్క మనిషి మాట వినిపించదు. ఒడ్డున బయల్దేరే చోట తను పట్టీలన్నీ బిగించుకుని వచ్చి నాకు వీపు చూపించి నిలబడింది. లాగాను. కదల్లేదు. తను తల వెనక్కి తిప్పకుండా బొటనవేలు పైకి చూపించి పడవలోకి దిగింది.

ఒడ్డు వెంబడి కాలిబాట ఉంది. నేనూ ఇంకో నలుగురి ఇళ్ళవాళ్ళూ నడిచాం. తక్కినవాళ్ళు ఫోటోలు తీశారు. నేను ఎర్ర జాకెట్ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. మొదటి తెల్లనీళ్ళు దాటింది. రెండోది దాటింది. మూడో చోట రెండు పెద్ద బండల మధ్య నీళ్ళు మెట్టు దిగినట్టు దూకుతాయి. తను ఆ మెట్టు దిగింది. దిగాక పడవ తిరగబడింది.

తిరగబడితే ఏం చేయాలో నేర్పారట. నాకెవరూ నేర్పలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు దగ్గర పడవ అడుగు కనిపించింది. ఐదు దగ్గర తెడ్డు తేలింది. ఏడు దగ్గర నేను నీళ్ళలో ఉన్నాను. మోకాళ్ళ దాకా. ఎలా వచ్చానో తెలియదు. నాకు ఈత రాదు.

తొమ్మిది దగ్గర ఎర్రరంగు పైకొచ్చింది. ముందు భుజాలు, తర్వాత తల. జాకెట్ ఒక పక్కకి ఒరిగే ఉంది. వంకరగా ఉన్న జాకెట్టే తనని పైకి పట్టుకుని ఉంది. తను వెల్లకిలా తిరిగి, నేర్పినట్టే కాళ్ళు ముందుకి చాపి, కొట్టుకుపోయింది. కోచ్ తాడు విసిరింది. తను పట్టుకుంది. ఇవతలి ఒడ్డుకే, నాకు పది అడుగుల దూరంలో వచ్చి తగిలింది.

మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు నీళ్ళు ఉమ్మింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"బూట్లు తడిపేసుకున్నారేంటి?"

"మళ్ళీ వెళ్తావా?"

"ఇంకా రెండున్నాయిగా."

వెళ్ళింది. ఆ రెండూ తిరగబడకుండా దాటింది.

చివర్లో ఒక రేకుల షెడ్డు ఉంది, బట్టలు మార్చుకోవడానికి. రెండు తలుపులు. నేను బయట నిలబడి బూట్లలో నీళ్ళు వంచుకుంటుంటే లోపల నుంచి పిలిచింది.

"ఏమండీ, జిప్పు ఇరుక్కుంది. లోపలికి రండి."

"అది ఆడవాళ్ళది."

"నేను ఆడదాన్నే. రండి."

వెళ్ళాను. తలుపు గడియ వేసింది. జిప్పు పళ్ళ మధ్య ఇసుక. ఊది, కొంచెం కిందికి దించి, మెల్లగా లాగాను. వచ్చింది. జాకెట్ తీసి మేకుకి తగిలించాను. లోపలి టీషర్టు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.

"చెయ్యి లేవట్లేదు. ఇదీ తీయండి."

తీశాను. తీయగానే గోడ వైపు తిరిగాను. రేకుల గోడకి ఒక అద్దం ముక్క వేలాడుతోంది, దాని పక్కన ఎవరిదో సబ్బు.

"ఇటు తిరగండి."

తిరిగాను.

"చూడండి. ఎప్పుడో ఒకప్పుడు చూడాలి కదా."

చూశాను. చంక కింద నుంచి రొమ్ము ఎముక దాకా ఏటవాలుగా ఒక గీత. ఆరంగుళాలు, కాదు, ఆరున్నర. మొదట్లో ఎర్రగా ఉండేదేమో, ఇప్పుడు లేతగా ఉంది. దాని చుట్టూ చర్మం చలికి పులకరించి ఉంది. అక్కడ తన గుండె కొట్టుకోవడం పైకే కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అది మెత్త కింద కొట్టుకుంది. గీత చివర, చంక దగ్గర, ఒక చిన్న ముడత. నా చూపు అక్కడే ఆగిందని తనకి తెలిసిపోయింది.

"ఏం? సరిచేస్తానంటారా?"

"వద్దు," అన్నాను. "ఉండనీ."

పొద్దున చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను. జాలి కాదు, సిగ్గు కాదు అని మొదలుపెట్టాను. మిగతాది రాసుకున్నంత వరసగా రాలేదు. వాచ్‌మన్ గుండీ దగ్గర ఆగిపోయాను. తను నా చెయ్యి తీసుకుని ఆ గీత మీద పెట్టింది. చల్లగా ఉంది. కొట్టుకుంటోంది.

బయట ఎవరో తలుపు తట్టారు. "లోపల ఎవరండీ? ఇంకా ఎంతసేపు?"

"మా ఆయన," అంది మా ఆవిడ. "కొంచెం ఆగండమ్మా, ఏడుస్తున్నారు."